విశ్వం చల్లబడింది, “కాబట్టి” నక్షత్రాలు పుట్టాయి: ఈ “కాబట్టి” నిలుస్తుందా?

#1 ధ్రువతార

అందరికీ నమస్కారం. ఆది విశ్వం గురించి మన వ్యాసాలన్నీ ఒకే వరసలో నడుస్తాయి. విశ్వం వేడిగా మొదలైంది, వ్యాకోచిస్తూ చల్లబడింది, 3,80,000 ఏళ్లకు 3000 కెల్విన్ దగ్గర పరమాణువులు ఏర్పడ్డాయి, ఇంకా చల్లబడి గడ్డకట్టి నక్షత్రాలు, గెలాక్సీలు అయ్యాయి. ఇడ్లీ పాత్ర మూత కింద ఆవిరి చల్లారి బొట్లు కట్టినట్టు. ఈ వరస నాకు రెండు చోట్ల కుదరడం లేదు.

ఒకటి. రెడ్‌షిఫ్ట్ (వ్యాకోచం కాంతిని ఎంత సాగదీసిందో చెప్పే అంకె, పెద్దదైతే అంత పాత కాలం) 20 నాటికి, అంటే విశ్వం వయసు సుమారు 18 కోట్ల ఏళ్లప్పుడు, వాయువు 10 కెల్విన్ లోపే ఉంటుంది. తొలి నక్షత్రాల మీద పరిశోధన పత్రాలు మాత్రం “వాయువు 200 కెల్విన్‌కి చల్లబడటానికి హైడ్రోజన్ అణువు తప్పనిసరి” అంటాయి (అణువు అంటే రెండు పరమాణువుల జంట). 10 లోపు ఉన్నదాన్ని 200కి చల్లబరచడం ఏమిటి?

రెండు. ఈ ఉష్ణోగ్రత మార్పును పైథాన్‌లో రెడ్‌షిఫ్ట్ 1500 నుంచి ఆయిలర్ పద్ధతిలో (ఒక్కో అడుగుకీ అప్పటి మార్పు రేటును గుణించి ముందుకు పోవడం), 1 చొప్పున అడుగులేస్తూ దించితే మొదటి పది అడుగుల్లోనే అంకెలు అనంతానికి పోతున్నాయి. సమీకరణం మూడుసార్లు సరిచూశాను, తప్పు కనబడలేదు.

#2 అణుగతి

ధ్రువతార గారూ, చిక్కంతా మీ మొదటి ప్రశ్నలోనే ఉంది. “చల్లబడటం” అనే ఒక్క మాటను మనం రెండు వేర్వేరు పనులకు వాడేస్తున్నాం.

మొదటిది వ్యాకోచం వల్ల వచ్చే చల్లదనం. అది విశ్వమంతటా ఒకేలా జరుగుతుంది. దానివల్ల ఏ పదార్థమూ ఒకచోట పోగవదు, నిజానికి అంతా పలచబడుతూ పోతుంది. ఆవిరి బొట్టు కట్టేది నీటి అణువులు ఒకదాన్నొకటి పట్టుకుంటాయి కాబట్టి. ఘన సెంటీమీటరుకు పరమాణువు ఒక్కటైనా లేని హైడ్రోజన్‌లో అలాంటి పట్టు ఉండదు. ఇడ్లీ పాత్ర పోలికను పూర్తిగా వదిలేయాలి.

రెండోది వాయువు తన వేడిని కాంతి రూపంలో బయటికి పంపి చల్లబడటం. ఇది ఎప్పుడు అవసరమవుతుందో అంకెలతో చూడండి. రెడ్‌షిఫ్ట్ 20 దగ్గర 10 లక్షల సూర్యుళ్ల బరువున్న కృష్ణ పదార్థపు ముద్ద ఉందనుకుందాం (దీన్నే హేలో అంటాం; కృష్ణ పదార్థం అంటే వెలుగు ఇవ్వని, గురుత్వంతో మాత్రమే తెలిసే పదార్థం). చుట్టూ ఉన్న 9 కెల్విన్ వాయువు అందులోకి పడుతుంది. పడిన వేగం ఢీకొట్టడంలో వేడిగా మారుతుంది. ఆ హేలోకి విరియల్ ఉష్ణోగ్రత (దాని గురుత్వంలో పడిన వాయువు చేరే వేడి) కడితే దాదాపు 2000 కెల్విన్ వస్తుంది. అంటే 9 దగ్గరున్న వాయువు పడటం వల్లనే 2000కి ఎక్కింది. పత్రాల్లో 200కి దింపాలంటున్నది ఈ 2000 నుంచి.

ఆ వేడి బయటికి పోకపోతే పీడనం వాయువును అక్కడే నిలబెట్టేస్తుంది. సగటున ఘన సెంటీమీటరుకు 0.3 పరమాణువు దగ్గర ఆగిపోయి, విశ్వం ముసలిదైనా అలాగే ఉంటుంది. నక్షత్రానికి కావలసిన సాంద్రత దీనికి 20 సున్నాల పైన. అందుకే వాడుకలో ఉన్న షరతు: చల్లబడే కాలం స్వేచ్ఛా పతన కాలం (పీడనం అడ్డు లేకుండా తన బరువుకే కూలడానికి పట్టే కాలం) కన్నా తక్కువ ఉండాలి. ఈ హేలోలో పతన కాలం సుమారు 3 కోట్ల ఏళ్లు. గెలాక్సీల బరువుకు పైహద్దు ఎందుకుందో చెప్పడానికి 1977లో రీస్, ఆస్ట్రైకర్ జంట, సిల్క్, బిన్నీ ఈ షరతునే విడివిడిగా వాడారు.

#3 నీడబరువు

అణుగతి గారు చెప్పింది సరైనదే, కానీ కథ మధ్యలోంచి మొదలుపెట్టారు. ఆ 10 లక్షల సూర్యుళ్ల ముద్ద ఎలా వచ్చింది? దానికీ చల్లదనానికీ సంబంధమే లేదు.

గురుత్వాకర్షణతో హెచ్చుతగ్గులు పెరగడం అసలు మీద వడ్డీ లాంటిది. పదార్థం ఆధిక్యంలో ఉన్న కాలంలో విశ్వం ఎన్ని రెట్లు వ్యాకోచిస్తే సాంద్రతలో తేడా అన్ని రెట్లే పెరుగుతుంది. సీఎంబీలో (పరమాణువులు కట్టినప్పుడు విడుదలై ఇప్పటికీ అన్ని వైపులనుంచీ వస్తున్న మైక్రోవేవ్ వెలుతురు) కనిపించే తేడా లక్షలో ఒక వంతు స్థాయిది. అప్పటినుంచి ఇప్పటివరకు విశ్వం వ్యాకోచించింది దాదాపు 1100 రెట్లు. గుణిస్తే నూటికి ఒక వంతు. సాధారణ పదార్థం ఒక్కటే ఉంటే ఈరోజుకి కూడా సాంద్రతలో తేడా నూటికి ఒకటే ఉండాలి. గెలాక్సీ మాట అలా ఉంచండి, పలచని మేఘం కూడా కుదరదు.

కృష్ణ పదార్థం ఫోటాన్లను పట్టించుకోదు కాబట్టి దాని పెరుగుదల ముందే మొదలైంది. రెడ్‌షిఫ్ట్ 3400 దగ్గర, వయసు సుమారు 50,000 ఏళ్లప్పుడు, పదార్థం వికిరణాన్ని దాటింది. వాయువు ఫోటాన్లకు అతుక్కుని అటూ ఇటూ ఊగుతున్న ఆ మూడు లక్షల పైచిలుకు ఏళ్లలో కృష్ణ పదార్థం గుంటలు తవ్వుకుంటూనే ఉంది. పరమాణువులు కట్టి ఫోటాన్ల నుంచి విడుదలైన వాయువు ఆ తవ్విన గుంటల్లోకి పడింది.

#4 కొలిమి

నీడబరువు గారితో ఇక్కడ విభేదిస్తాను. పరమాణువులు ఏర్పడిన వెంటనే జీన్స్ ద్రవ్యరాశి (పీడనాన్ని గెలిచి తన బరువుకే కూలగల కనీస ముద్ద) సుమారు లక్ష సూర్యుళ్లకు పడిపోతుంది. అది గోళాకార తారాగుచ్ఛాల బరువు. 1968లో పీబుల్స్, డికీ దీన్నే ఎత్తిచూపారు. వాయువు తనంతట తాను లక్ష సూర్యుళ్ల ముద్దలుగా విడిపోవడానికి భౌతిక శాస్త్రం అడ్డు చెప్పనప్పుడు కృష్ణ పదార్థాన్ని ప్రతిదానికీ ముందుకు తేవడం ఎందుకు?

#5 నీడబరువు

కొలిమి గారూ, జీన్స్ ద్రవ్యరాశి ఏ ముద్ద *పడగలదో* చెబుతుంది. పడటానికి చేతిలో ఎంత *అసలు* ఉందో చెప్పదు. ఆ స్థాయిలో వాయువు దగ్గర అసలు మిగలలేదు. ఫోటాన్లు దట్టమైన చోటునుంచి పలచని చోటుకి జారిపోతూ వాయువును కూడా లాక్కుపోయాయి. సిల్క్ క్షీణత అంటే ఇదే. లక్షల కోట్ల సూర్యుళ్ల బరువుకన్నా చిన్న మడతలన్నీ (సాంద్రతలో హెచ్చుతగ్గులు) వాయువులో చెరిగిపోయాయి. లక్ష సూర్యుళ్ల మడత అంతకు కోటి రెట్లు చిన్నది. దాని జ్ఞాపకం మిగిలింది కృష్ణ పదార్థంలోనే.

జీన్స్ అంకె ఎందుకు కూలిందో మాత్రం చూడాల్సిందే, అది నిజంగా అందమైన చోటు. ఫోటాన్లతో కలిసి ఉన్నప్పుడు ఆ మిశ్రమంలో ధ్వని వేగం కాంతి వేగంలో దాదాపు సగం. విడిపోయాక 3000 కెల్విన్ హైడ్రోజన్‌లో ధ్వని వేగం సెకనుకు 6 కిలోమీటర్లు. ఉష్ణోగ్రత పెద్దగా మారనేలేదు, పీడనం ఇచ్చే చెయ్యి మాయమైంది.

ఇక తారాగుచ్ఛాలు. ఎం92 లాంటి, ఇనుము తక్కువైన పేద గుచ్ఛంలో కూడా సూర్యుడిలో ఉన్న ఇనుములో సుమారు 200వ వంతు ఉంది. ఆది వాయువులో ఇనుము సున్నా. కాబట్టి అవి తొలి ముద్దలు కావు, వాటికంటే ముందు నక్షత్రాలు పుట్టి పేలి ఉండాలి. 1968 నాటికి అది మంచి ఊహే. బరువు కలవడం కాకతాళీయం.

#6 కొలిమి

సిల్క్ క్షీణత సంగతి నేను లెక్కలోకి తీసుకోలేదు. ఒప్పుకుంటున్నాను. మరి 3000 అనే అంకె ఎక్కడిది? హైడ్రోజన్ నుంచి ఎలక్ట్రాన్‌ను ఊడదీయడానికి 13.6 ఎలక్ట్రాన్ వోల్టులు కావాలి. అది 1,58,000 కెల్విన్. అక్కడే పరమాణువులు కట్టాలి కదా?

#7 అయనలోకం

ఒక్కో ప్రోటాన్‌కి 160 కోట్ల ఫోటాన్లు ఉన్నాయి కాబట్టి. సగటు ఫోటాన్ బలం తగ్గినా, వర్ణపటం తోకలో 13.6 దాటినవి 160 కోట్లలో ఒక్కటి ఉన్నా చాలు, కట్టిన పరమాణువు మళ్లీ విరిగిపోతుంది. ఆ తోక కూడా ఖాళీ అవ్వాలంటే ఉష్ణోగ్రత దాదాపు 50 రెట్లు కిందికి రావాలి.

దీనికి వాడే సమీకరణం మన మేఘనాథ్ సాహా 1920లో నక్షత్రాల వాతావరణాల కోసం రాసినదే. ఈ ఫోటాన్ల నిష్పత్తి అందులో పెడితే సగం అయనాలు కలిసిపోయే ఉష్ణోగ్రత సుమారు 3700 కెల్విన్ వస్తుంది, రెడ్‌షిఫ్ట్ 1370 చుట్టుపక్కల. అక్కడ ఆగితే తప్పు. సాహా సమీకరణం సమతాస్థితికి చెల్లుతుంది, ఇక్కడ సమతాస్థితి తప్పిపోతోంది. ఎలక్ట్రాన్ నేరుగా అట్టడుగు స్థాయికి దూకితే 13.6 దాటిన ఫోటాన్ పుడుతుంది, అది పక్క పరమాణువును విరగ్గొడుతుంది. నికర లాభం సున్నా. రెండో స్థాయి నుంచి దిగితే వచ్చే లైమన్ ఆల్ఫా ఫోటాన్‌ని పక్క పరమాణువు మింగేస్తుంది. దాదాపు మిగిలిన దారి ఒకేసారి రెండు ఫోటాన్లు వదిలి దిగడం. అది సెకనుకు 8.2 సార్లే జరుగుతుంది, లైమన్ ఆల్ఫాతో పోలిస్తే కోట్ల రెట్లు నిదానం. 1968లో పీబుల్స్ ఒక వైపు, జెల్డోవిచ్, కుర్ట్, సున్యాయెవ్ మరో వైపు దీన్ని విడదీసి చూపారు.

ఈ నిదానమే మన కథకు ప్రాణం. కలయిక పూర్తయ్యేలోపు విశ్వం పలచబడిపోయి, 5000 పరమాణువులకు ఒక ఎలక్ట్రాన్ చొప్పున జోడు దొరక్క మిగిలిపోయింది. సాహాని నమ్మి మిగులు సున్నా అని పెడితే తొలి నక్షత్రం పుట్టదు. ఎందుకో అణుగతి గారు చెప్పాలి.

#8 పూర్ణాంకం

ముందు ధ్రువతార గారి ప్రోగ్రాము సంగతి తేలుద్దాం. సమీకరణం సరైనదే, పద్ధతిది తప్పు. వాయువు ఉష్ణోగ్రతను మార్చేవి రెండు పదాలు. వ్యాకోచం తగ్గిస్తుంది, కాంప్టన్ వికీర్ణం (ఎలక్ట్రాన్లు, ఫోటాన్లు ఢీకొని శక్తి పంచుకోవడం) సీఎంబీ వైపు లాగుతుంది. రెడ్‌షిఫ్ట్ 1500 దగ్గర ఈ రెండో పదానికి పట్టే కాలం దాదాపు అర ఏడాది. రెడ్‌షిఫ్ట్‌లో 1 అడుగు అంటే అక్కడ సుమారు 250 ఏళ్లు. అర ఏడాదిలో సర్దుకునేదాన్ని 250 ఏళ్ల అడుగుతో దూకిస్తే అవతలి ఒడ్డుకి విసిరేస్తుంది, తర్వాతి అడుగు ఇంకా దూరం విసురుతుంది. పేలుడు అదే.

రెండు దారులు. సైపైలో (పైథాన్ గణిత లైబ్రరీ) బీడీఎఫ్ పద్ధతి గానీ రాడౌ పద్ధతి గానీ పెట్టండి, ఇలాంటి బిగుసు సమీకరణాల కోసమే అవి ఉన్నాయి. లేదా కాంప్టన్ కాలం హబుల్ కాలంలో (వ్యాకోచ రేటును తిరగేస్తే వచ్చే కాలం) వెయ్యో వంతు కన్నా తక్కువ ఉన్నంతవరకు వాయువు ఉష్ణోగ్రత సీఎంబీతో సమానం అని రాసేసి, ఆ తర్వాతే సమీకరణం మొదలుపెట్టండి. పరమాణువులు కట్టడాన్ని లెక్కించే 1999 నాటి రెక్‌ఫాస్ట్ ప్రోగ్రాము వాడే ఉపాయం దాదాపు ఇదే.

సరిచూసుకోవాల్సినవి మరికొన్ని. వ్యాకోచ పదంలో హబుల్ రేటు (వ్యాకోచ రేటు) ముందు 2 ఉండాలి. ఫోటాన్లది రెడ్‌షిఫ్ట్‌తో సూటిగా తగ్గే ఉష్ణోగ్రత, ఏకపరమాణుక వాయువుది వర్గంగా తగ్గేది. చాలామంది 1 రాసి, వాయువు ఎప్పటికీ సీఎంబీని వదలడం లేదని వెతుక్కుంటారు. హబుల్ రేటులో వికిరణం కలపండి. మీ ప్రోగ్రాము రెడ్‌షిఫ్ట్ 1090కి వయసు 4,80,000 ఏళ్లు చూపిస్తే వికిరణం మర్చిపోయినట్టే, సరైనది దాదాపు 3,80,000. హీలియం కూడా వేడిని మోస్తుంది, 12 హైడ్రోజన్‌లకు ఒకటి చొప్పున లెక్కలో పెట్టండి.

విడిపోయే చోటు చేత్తోనే కట్టొచ్చు. రెడ్‌షిఫ్ట్ 150, ఎలక్ట్రాన్ల మిగులు 5000కి ఒకటి. కాంప్టన్ కాలం సుమారు 1.2 కోట్ల ఏళ్లు, హబుల్ కాలం 1.4 కోట్ల ఏళ్లు. రెండూ ఇక్కడ తారసపడతాయి. కాబట్టి వాయువు సీఎంబీని వదిలేది 1090 దగ్గర కాదు, 150 దగ్గర. మధ్యలో దాదాపు 90 లక్షల ఏళ్లు, అయిదు వేలకు ఒక్క ఎలక్ట్రాన్ మొత్తం వాయువును సీఎంబీతో సమంగా వెచ్చగా పట్టి ఉంచింది.

#9 అణుగతి

అదే ఎలక్ట్రాన్‌కి రెండో ఉద్యోగం ఉంది. 2000 కెల్విన్ దగ్గర హైడ్రోజన్ పరమాణువు చల్లబడలేదు. దాని మొదటి శక్తి మెట్టు 10.2 ఎలక్ట్రాన్ వోల్టుల ఎత్తున ఉంది, అక్కడికి ఎక్కించే ఢీలు సుమారు 10,000 కెల్విన్ ఉంటేనే జరుగుతాయి. కిందికి దిగాలంటే చిన్న మెట్లున్న అణువు కావాలి. రెండు హైడ్రోజన్ పరమాణువులు నేరుగా కలవలేవు, కలిసినప్పటి శక్తిని వదలడానికి వాటికి ద్విధ్రువం లేదు, కలిసినట్టే కలిసి విడిపోతాయి. ఈరోజు ఆ పని ధూళి రేణువు ఉపరితలం మీద జరుగుతుంది. అప్పుడు ధూళి లేదు.

దారి ఇది. మిగులు ఎలక్ట్రాన్ హైడ్రోజన్‌కి అతుక్కుని రుణ అయనం అవుతుంది, ఒక ఫోటాన్ వెళ్లిపోతుంది. ఆ అయనం ఇంకో హైడ్రోజన్‌ని తాకితే అణువు కట్టి ఎలక్ట్రాన్ బయటపడుతుంది. ఎలక్ట్రాన్ ఖర్చు కాలేదు, పెరుగు తోడులా మళ్లీ మళ్లీ పనికొస్తుంది. పైన చెప్పిన హేలోలో, 0.3 సాంద్రత, 2000 కెల్విన్ దగ్గర ఒక పతన కాలానికి ఈ చర్య రేటు గుణిస్తే పదివేలలో ఒక వంతు అణువులు వస్తాయి. మధ్యలో సాంద్రత పెరిగే కొద్దీ పదివేలకు అయిదు దాటుతుంది. కూలడానికి అది సరిపోతుంది. మిగులు సున్నా పెట్టినవాళ్లకి ఇక్కడ అణువులు సున్నా.

హైడ్రోజన్ అణువుకి అనుమతి ఉన్న అతి చిన్న మెట్టు 510 కెల్విన్. వేగపు పంపిణీ తోక సాయంతో వాయువు 200 వరకు దిగుతుంది, అక్కడ ఆగుతుంది. సాంద్రత ఘన సెంటీమీటరుకు 10,000 చేరాక ఢీలు ఎంత పెరిగినా ఒక్కో అణువు వదిలే కాంతి పెరగదు, వాయువు తచ్చాడుతుంది. ఆ 200, 10,000 జంటకు జీన్స్ ద్రవ్యరాశి కడితే కొన్ని వందల నుంచి వెయ్యి సూర్యుళ్లు. ఈనాటి 10 కెల్విన్ మేఘంలో అది ఒక సూర్యుడి స్థాయి. తొలి నక్షత్రాలు బరువైనవి అనడానికి మొదటి కారణం ఇక్కడుంది. రెండోది, పిల్ల నక్షత్రం మీద వాయువు పడే రేటు ఉష్ణోగ్రత ఒకటిన్నర ఘాతంతో పెరుగుతుంది, 10కి 200కి మధ్య దాదాపు 90 రెట్ల తేడా.

ఆ పైన సాంద్రత 10 కోట్లు దాటితే మూడు పరమాణువులు ఒకేసారి కలిసే చర్య మొదలై వాయువంతా అణువులవుతుంది. ఒక్కో అణువు కట్టినప్పుడు 4.5 ఎలక్ట్రాన్ వోల్టుల వేడి వదులుతుంది, అందుకే ఉష్ణోగ్రత మళ్లీ 1000 దాటుతుంది. దీన్ని వదిలేసిన సిమ్యులేషన్లలో మధ్యభాగం అసహజంగా చల్లగా వచ్చి, లేని ముక్కలుగా విరిగిపోతుంది. జీన్స్ పొడవుకి (జీన్స్ ద్రవ్యరాశి ముద్ద అడ్డకొలతకి) సిమ్యులేషన్‌లో కనీసం 4 గడులు లేకపోయినా ఇదే నకిలీ ముక్కలు. 1997లో ట్రూలవ్ బృందం పెట్టిన ఈ హద్దు కనీసం మాత్రమే, సుడులు చూడాలంటే 32, 64 కావాలి.

#10 కొలిమి

డ్యుటీరియం కలిసిన హైడ్రోజన్ అణువు సంగతి? దాని మెట్టు 128 కెల్వినే, ద్విధ్రువం కూడా కాస్త ఉంది. దానితో సీఎంబీ స్థాయి వరకు దిగితే చిన్న నక్షత్రాలే రావాలి.

#11 అణుగతి

అది పట్టు సాధించాలంటే వాయువు ముందు 150 దరిదాపులకు రావాలి, దానికి అణువులు ఇంకా ఎక్కువ కావాలి, దానికి ఎలక్ట్రాన్లు ఎక్కువ కావాలి. 5000కి ఒకటి చాలదు. ఒకసారి అయనీకరణ జరిగి తిరిగి చల్లారుతున్న వాయువులో, 10 కోట్ల సూర్యుళ్లు దాటిన హేలోల్లోని ఆఘాత తరంగాల (వాయువులు ఢీకొన్నప్పుడు పుట్టే తరంగాల) వెనుక మీ మాట నిజమవుతుంది. అవి రెండో విడత. మొదటి చిన్న హేలోల్లో దాని వాటా సాధారణంగా స్వల్పం. ఏ దారైనా సీఎంబీ కిందికి దిగకూడదు, రెడ్‌షిఫ్ట్ 20 దగ్గర అది 57 కెల్విన్. సిమ్యులేషన్‌లో ఈ అడుగుహద్దు పెట్టడం మర్చిపోకండి.

#12 నీడబరువు

ఇంకో తప్పు చాలాచోట్ల చూస్తున్నాం. వాయువూ కృష్ణ పదార్థమూ ఒకే వేగంతో మొదలైనట్టు ప్రారంభ స్థితి ఇవ్వడం. విడుదలైన క్షణాన రెండిటికీ మధ్య సాపేక్ష వేగం సగటున సెకనుకు 30 కిలోమీటర్లు, ధ్వని వేగానికి అయిదు రెట్లు. 2010లో త్సెలియాఖోవిచ్, హిరాటా చూపేవరకు దీన్నెవరూ లెక్కించలేదు. వాయువు గుంట పైనుంచి ఎగిరిపోతుంటే చిన్న హేలోలు వట్టిగా మిగులుతాయి, తొలి నక్షత్రాలు ఆలస్యమవుతాయి. రెడ్‌షిఫ్ట్‌తో పాటు తగ్గుతుంది కాబట్టి 20 దగ్గర అర కిలోమీటరు చిల్లరే, కానీ నష్టం అప్పటికే జరిగిపోయింది.

#13 అయనలోకం

చల్లటి వాయువును నేరుగా చూసే ప్రయత్నం కూడా జరిగింది. హైడ్రోజన్ 1420 మెగాహెర్ట్‌జ్ గీత రెడ్‌షిఫ్ట్ 17 నుంచి వస్తే 78 మెగాహెర్ట్‌జ్ దగ్గర కనబడాలి. 2018లో ఎడ్జెస్ అనే రేడియో యాంటెనా ప్రయోగ బృందం అక్కడే 0.5 కెల్విన్ లోతున శోషణ చూశామంది. పూర్ణాంకం గారి సమీకరణం ప్రకారం వాయువు అప్పుడు 7 కెల్విన్. దానితో గరిష్ఠంగా 0.2 కెల్విన్ లోతే కుదురుతుంది. ఆ లోతు నిజమైతే వాయువును ఇంకేదో చల్లబరచి ఉండాలి, లేదా వెనుక రేడియో వెలుతురు ఎక్కువుండాలి. బెంగళూరు రామన్ పరిశోధనా సంస్థ సారస్ 3 యాంటెనాని కర్ణాటకలో దండిగానహళ్లి చెరువు, శరావతి జలాశయం మీద తేలించి కొలిచింది. నేల పొరలు పొరలుగా ఉండి యాంటెనా కింద తన సొంత ముడతలు చేరుస్తుంది, లోతైన నీరు ఒకేలా ఉంటుంది. 2022లో ఆ ఆకారాన్ని 95.3 శాతం విశ్వాసంతో తోసిపుచ్చారు. నా అభిప్రాయంలో 7 కెల్విన్‌ని ప్రస్తుతానికి కదపనక్కర్లేదు.

#14 ధ్రువతార

రాడౌ పెట్టాక పేలుడు ఆగింది. 1090కి వయసు సరిగ్గా వస్తోంది. రెడ్‌షిఫ్ట్ 20 దగ్గర వాయువు 9.3 వస్తోంది, 150 దగ్గర ఒక్కసారిగా విడిపోయిందనుకుని చేత్తో కడితే 8. తేడా ఎందుకు? ఇంకొకటి, రుణ అయనం దారి కలిపాక హేలోల బయట, మామూలు విశ్వవాయువులో అణువుల వాటా రెడ్‌షిఫ్ట్ 100 కంటే ముందే విపరీతంగా పెరుగుతోంది.

#15 పూర్ణాంకం

9.3 సరైనది. వదలడం కత్తితో కోసినట్టు జరగదు, 150 దాటాక కూడా సీఎంబీ కొంతకాలం కొంచెం వేడి అందిస్తూనే ఉంటుంది.

రెండోదానికి, రుణ అయనాన్ని విరగ్గొట్టే పదంలో మీరు వాయువు ఉష్ణోగ్రత పెట్టి ఉంటారు. అక్కడ సీఎంబీ ఉష్ణోగ్రత ఉండాలి. ఆ ఎలక్ట్రాన్ పట్టు 0.754 ఎలక్ట్రాన్ వోల్టులే, మళ్లీ అయనలోకం గారు చెప్పిన తోక లెక్కే. 160 కోట్ల ఫోటాన్ల తోక ఖాళీ అయ్యేది రెడ్‌షిఫ్ట్ 100 చుట్టుపక్కల, అంతకుముందు ఈ దారి మూసే ఉంటుంది.

అది సరిచేశాక కూడా కాస్త ఎక్కువే వస్తుంది. పరమాణువులు కట్టినప్పుడు పుట్టిన ఫోటాన్లు ప్లాంక్ వక్రరేఖ (ఒక ఉష్ణోగ్రత దగ్గర ఉండాల్సిన వెలుతురు ఆకారం) మీద అదనంగా ఉండిపోయి రుణ అయనాన్ని కొడుతూనే ఉంటాయి. 2006లో హిరాటా, పద్మనాభన్ వాటిని కలిపితే చివరి వాటా కోటికి 6 అణువుల దగ్గర ఆగింది. మీ ప్రోగ్రాములో ఆ అంకె వచ్చేవరకు హేలో లోపలి లెక్క మొదలుపెట్టకండి.